స్టాక్ కార్ పందెం గేమ్ తదుపరి భాగం – అభిమానుల కోరికలు: బండలాగుడు ప్రేక్షకుని కొలమానాలతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక పందెం వీడియో గేమ్ విడుదలైన వెంటనే దాని తదుపరి భాగం ఎలా ఉండాలో అభిమానులు చెప్పడం మొదలుపెడతారు. ఈ కోరికలను వ్యాపార సమాచారంగా మాత్రమే చూడటం పరిపాటి. అవి విమర్శలో ఒక రూపమనీ, వాటి వెనుక స్థిరమైన ప్రమాణం ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికాలోని నాస్కార్ పందేల ఆధారంగా వచ్చిన గేములను తీసుకొని, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ఎడ్ల బండలాగుడు పోటీల్లో ప్రేక్షకుడు పాటించే కొలమానాలతో ఆ కోరికలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, స్టాక్ కార్, నాస్కార్, బండలాగుడు, ఒంగోలు జాతి, ప్రేక్షక విమర్శ.

1. ప్రవేశిక

స్టాక్ కారు అంటే మొదట దుకాణంలో అందరికీ అమ్మే కారు. 1948లో బిల్ ఫ్రాన్స్ నాయకత్వంలో నాస్కార్ సంస్థ ఏర్పడిన తొలినాళ్ళలో పందెం కారుకూ ఇంటి కారుకూ పెద్ద తేడా లేదు. నేడు ఆ కార్లను పందేనికే ప్రత్యేకంగా నిర్మిస్తున్నారు. అమ్మకపు కారుతో వాటికి మిగిలింది పేరూ, పైరూపంలో కొంత పోలికా మాత్రమే.

గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి మైదానాల్లో ఒంగోలు జాతి ఎడ్ల చరిత్ర కూడా ఇటువంటిదే. నల్లరేగడి దున్ని, పంటను బండిపై ఇంటికి చేర్చిన జత, ట్రాక్టరు రాకతో సేద్యం నుండి క్రమంగా తప్పుకొంది. పోటీ కోసం మేపే జతకు నేడు బండే ప్రధానమైన పని. రెండు చోట్లా పని సాధనం పందెపు సాధనమైంది; అయినా చూసేవారు పందెంలో ఆ పాత శ్రమ గుర్తునే వెతుకుతారు. ఈ సామ్యమే ప్రస్తుత పరిశీలనకు ఆధారం.

2. బండలాగుడు: మూడు కొలమానాలు

సంక్రాంతికీ, తిరునాళ్ళకూ జరిగే ఈ పోటీల్లో జతలు పక్కపక్కన పరుగెత్తవు. ఒక్కొక్క జత విడిగా బరిలోకి వస్తుంది. నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగిందన్నదే లెక్క. దూరాన్ని అడుగుల్లో, అంగుళాల్లో కొలిచి ప్రకటిస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ పళ్ళనుబట్టి వయసు నిర్ణయించి విభాగాలు చేస్తారు. వాటిపైన జూనియర్, సీనియర్ విభాగాలుంటాయి. పై విభాగానికి పోయేకొద్దీ బండ బరువు పెరుగుతుంది.

ఈ పద్ధతి నుండి మూడు కొలమానాలను గుర్తించవచ్చు. మొదటిది బరువు: లాగిన ప్రతి అడుగుకూ జత కొంత శక్తిని వెచ్చించాలి. రెండవది తరగతి: పాలపళ్ళ గిత్తను సీనియర్ బండకు కట్టరు. మూడవది కొలత: తీర్పు అందరి కళ్ళెదుటా జరగాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా అది పోటీ కాదని ప్రేక్షకుడు అంటాడు.

3. నాస్కార్ గేముల పరంపర

పాపిరస్ సంస్థ రూపొందించగా 2003లో విడుదలైన ‘నాస్కార్ రేసింగ్ 2003 సీజన్’ ఈ రంగంలో నేటికీ ప్రమాణంగా నిలిచింది. ఆ తరువాత లైసెన్సు ఈఏ సంస్థ సొంతం కావడంతో పాపిరస్ తదుపరి భాగం చేయలేకపోయింది. అభిమానులే కొత్త కార్లనూ, ట్రాకులనూ తయారుచేసి రెండు దశాబ్దాలకు పైగా ఆ గేమ్‌ను సజీవంగా ఉంచారు. తదుపరి భాగాన్ని కోరడంతో ఆగక, దాన్ని తామే రాసుకున్న ఉదాహరణ ఇది.

అదే 2003లో వచ్చిన ఈఏ వారి ‘నాస్కార్ థండర్ 2004’ పగలు, పొత్తులు అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒకరి కారును ఢీకొంటే ఆ డ్రైవరు దాన్ని గుర్తుంచుకుంటాడు. 2016లో ‘నాస్కార్ హీట్ ఎవల్యూషన్’ అత్యున్నత స్థాయి కప్ సిరీస్‌కే పరిమితమైంది. 2017 నాటి రెండవ భాగం కింది స్థాయి సిరీస్‌లను, మట్టి ట్రాకును చేర్చుకొంది. 2021లో వేరే సంస్థ నుండి వచ్చిన ‘నాస్కార్ 21: ఇగ్నిషన్’ తిరిగి కప్ సిరీస్‌కే పరిమితమై, విడుదల నాటి సాంకేతిక లోపాలతో తీవ్ర విమర్శకు గురైంది. అనంతరం లైసెన్సు ఐరేసింగ్ సంస్థకు చేరి, 2025లో ‘నాస్కార్ 25’ నాలుగు స్థాయిల సిరీస్‌లతో వెలువడింది. ఐరేసింగ్‌ను స్థాపించినవారిలో పాపిరస్ సహస్థాపకుడు డేవ్ కెమ్మర్ ఒకరు కావడం గమనార్హం.

ఈ పరంపర నేరుగా ముందుకు సాగలేదు. ఒక భాగంలో సాధించినది తరువాతి సంస్థ చేతిలో పోయి, మళ్ళీ మొదటి నుండి అడగవలసి రావడమే అభిమానుల అసంతృప్తికి మూలం.

4. కోరికల విశ్లేషణ

అభిమానులు తరచు అడిగేవి పైకి పొంతన లేనివిగా కనిపిస్తాయి. మూడు కొలమానాలతో చూస్తే వాటిలోని క్రమం తెలుస్తుంది.

టైర్ల అరుగుదల, ఇంధనం, ఢీకొన్నప్పటి నష్టం నిజంగా ప్రభావం చూపాలన్నది బరువుకు సంబంధించిన కోరిక. కొత్త టైర్లతో వచ్చిన కారుకూ, ముప్ఫై చుట్లు తిరిగిన టైర్ల కారుకూ తేడా లేకపోతే పిట్‌లోకి ఎప్పుడు వెళ్ళాలన్న ఆలోచనకు అర్థం ఉండదు. గోడను గుద్దిన కారు చెక్కుచెదరకుండా పరుగెత్తితే, అది బండ లేకుండా ఉత్త కాడి మోసుకొని నడిచిన జతతో సమానం.

చిన్న సిరీస్ నుండి మొదలై కప్ స్థాయికి ఎదిగే అవకాశం కావాలన్నది తరగతికి సంబంధించినది. పై మెట్టు విలువ కింది మెట్లు ఎక్కినవారికే తెలుస్తుంది. ‘ఇగ్నిషన్’ విమర్శకు గురికావడంలో సాంకేతిక లోపాలతో పాటు ఈ మెట్లు లేకపోవడానికీ భాగముంది.

ప్రమాదం జరిగితే పసుపు జెండా న్యాయంగా పడాలి; కంప్యూటరు నడిపే కార్లు ఒకే వరుసలో యాంత్రికంగా సాగక తప్పులు చేయాలి; శిక్షకు కారణం తెలియాలి. ఇవి కొలతకు సంబంధించిన కోరికలు. కంప్యూటరు కారు తనకు లేని పట్టుతో మలుపు తిరిగిందని ఆటగాడికి అనుమానం కలిగితే, కొలతాడు పట్టినవాడిపై నమ్మకం పోయినట్లే.

5. కోరికల్లోని వైరుధ్యాలు

అన్ని కోరికలకూ సమాన విలువ ఇవ్వలేము. మరిన్ని రంగుల కార్లు, మరింత మెరుపు దృశ్యాలు అడగడం తప్పు కాదు. కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటల పట్టెడ కట్టడం బండలాగుడులోనూ ఉంది; జతపై రైతుకున్న మమకారం అందులో కనిపిస్తుంది. అయితే అలంకారం వల్ల బండ అంగుళమైనా కదలదు. లోపలి యంత్రాంగం మారకుండా పైమెరుగులతో ఏటా కొత్త పేరు పెట్టే సంస్థలకు ఈ కోరికలే సాకుగా ఉపకరిస్తాయి.

ఆట వాస్తవంలా కష్టంగా ఉండాలనేవారు, కొత్తవారికి సులువుగా ఉండాలనేవారు పరస్పరం విభేదిస్తారు. దీనికి పరిష్కారం బండను అందరికీ తేలిక చేయడం కాదు. ఎవరి తరగతికి తగిన బండను వారికి కట్టాలి. తేలిక బండకైనా బరువుండాలి.

6. పోలికకు హద్దు

కారుకు నొప్పి లేదు, ఎడ్లకు ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, జల్లికట్టు, ఎడ్లబండి పందేలను నిషేధించిన 2014 మే 7 నాటి సుప్రీంకోర్టు తీర్పు, తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చట్టసవరణలను సమర్థించిన 2023 మే 18 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఈ చర్చను సజీవంగా ఉంచాయి. బరువును మెచ్చే ప్రేక్షకుడు ఆ బరువు ఎవరి మెడపై ఉందో మరవకూడదు.

గేమ్‌కున్న ప్రత్యేక అవకాశం ఇక్కడే ఉంది. ఏ ప్రాణినీ బాధించకుండా అది బరువును అనుభవానికి తేగలదు. రేపు బండలాగుడుపై తెలుగులో ఒక గేమ్ రూపొందితే తిరునాళ్ళ ప్రభలూ, డప్పులూ నేపథ్యంగా చూపడం సులువే. జత అలసటను, మొరాయింపును, రెండు ఎడ్ల నడక కుదరడాన్ని, కొట్టినకొద్దీ తగ్గిపోయే నమ్మకాన్ని ఆట నియమాలుగా మలచడమే కష్టం. నాస్కార్ అభిమానుల జాబితాలు ఆ రూపకర్తకు ముందస్తు హెచ్చరికగా పనికొస్తాయి.

7. ముగింపు

స్టాక్ కార్ గేమ్ అభిమానులు తదుపరి భాగం నుండి ప్రధానంగా ఆశిస్తున్నది చేసిన ప్రతి పనికీ తగిన ఫలితం. కోరికల సంఖ్యను కాక వాటి వెనుక ఉన్న ప్రమాణాన్ని చదవడం విమర్శకుని బాధ్యత. అందుకు కావలసిన పరిభాషను పూర్తిగా అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదని బరువు, తరగతి, కొలత అనే ఈ మూడు మాటలు నిరూపిస్తున్నాయి. పల్నాడు తిరునాళ్ళలో బరి పక్కన నిలబడి అంగుళాల దగ్గర వాదించే ప్రేక్షకుడు ఆ పరిభాషను ఎప్పటి నుంచో వాడుతున్నాడు. దాన్ని కొత్త మాధ్యమాల విమర్శకు అన్వయించడం తెలుగు పరిశోధకులు చేపట్టవలసిన పని.