రేడియో రూపాలు – శ్రోత స్థానం

రేడియో గురించి మన రచయితలు రాసేటప్పుడు రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, విజయవాడ కేంద్రం పాత వైభవాన్ని తలచుకుని నిట్టూర్చటం. రెండోది, ఎఫ్.ఎం. వచ్చాక జనం గొంతు వినిపిస్తోందని సంబరపడటం. కార్యక్రమ రూపం ఎవరిని మాట్లాడనిస్తోంది, ఎంతవరకు మాట్లాడనిస్తోంది అన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం సాధించింది తక్కువేమీ కాదు. బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన భక్తిరంజని, నండూరి సుబ్బారావు నటించిన 'గణపతి', ఉషశ్రీ ప్రవచనాలు తెలుగు మాటకు శ్రవ్యగుణాన్ని పెంచాయి. కంటికి కాక చెవికి రాయటం మనవాళ్లు అక్కడ నేర్చుకున్నారు. అయితే 'ప్రసంగం' అనే రూపాన్ని గమనించాలి. ముందుగా రాసిచ్చిన ప్రతి, అధికారి పరిశీలన, కొలిచిన నిమిషాలు. ఈ మెట్లన్నీ ఎక్కి మైకు ముందుకు వచ్చినవాడు ఎక్కువగా చదువుకున్నవాడే. రైతుల కార్యక్రమం సంభాషణగా సాగినా, సలహా ప్రధానంగా వ్యవసాయశాఖ నుంచి పొలానికే నడిచింది. 1975–77 ఎమర్జెన్సీలో ఆకాశవాణి ప్రభుత్వవాణి అయిందంటే, అందుకు వీలు ఆ నిర్మాణంలోనే ఉంది. 1978లో వర్గీస్ కమిటీ స్వయంప్రతిపత్తిని సిఫార్సు చేస్తే, ప్రసారభారతి ఏర్పడటానికి 1997 దాకా పట్టింది.

మరోవైపు, 1957లో మొదలైన వివిధభారతిలోకి 1967లో వాణిజ్య ప్రకటనలు ప్రవేశించాయి. ప్రసార సమయం సరుకైంది. ప్రైవేటు ఎఫ్.ఎం. ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయింది. శ్రోత ఫోన్ చేస్తాడు. పేరు చెబుతాడు, ఊరు చెబుతాడు, పాట కోరతాడు. కూలి గిట్టుబాటవుతోందా అని అతన్ని అడిగే చోటు ఆ రూపంలో లేదు. అతని గొంతు వినిపిస్తోంది గాని అతని మాట వినిపించటం లేదు.

జహీరాబాదు ప్రాంతంలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోను వీటి పక్కన పెట్టి చూడాలి. దళిత స్త్రీలే దాన్ని నడిపారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగలు, పాటలు, అన్నీ తమ యాసలోనే. ముచ్చట, పాట, కథ కొత్త రూపాలేమీ కావు. మారింది మైకు ఎవరి చేతిలో ఉందన్నదే. అందుకే పాత రూపాలకే కొత్త ప్రాణం వచ్చింది.

కాని దీనికీ హద్దు గీశారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో తలుపు తెరిచిన 2006 విధానం మాత్రం సొంత వార్తలకు అనుమతివ్వలేదు. విత్తనం గురించి మాట్లాడవచ్చు. విత్తనం కోసం నిన్న జరిగిన ధర్నాను వార్తగా చెప్పకూడదు!

రేడియోకు రాసే రచయితలు కార్యక్రమం ఎంత ఆకర్షణీయంగా ఉందన్న దగ్గర ఆగిపోకూడదు. శ్రోత తన బతుకు గురించి చెప్పుకోవటానికి అందులో చోటుందా అని చూడాలి. వార్త చెప్పే హక్కు కోసం అడగటం కూడా మన సాహిత్య కార్యక్రమంలో భాగమే.