నమోదు వేరు, నిరూపణ వేరు

దక్షిణాఫ్రికాలో మూలికావైద్యులను ‘ఇన్యాంగా’లనియు, పూర్వికుల ప్రేరణతో రోగకారణము చెప్పువారిని ‘సంగోమా’లనియు వ్యవహరింతురు. ఆసుపత్రికి పోవు రోగులలో అనేకులు వీరినిగూడ ఆశ్రయింతురు. 2007లో చేసిన చట్టము ఈ రెండు వర్గములతోపాటు మంత్రసానులను, సంప్రదాయరీత్యా సున్తీ చేయువారినిగూడ గుర్తించి, వారి నమోదునకు ఒక మండలిని నిర్దేశించినది.

ఇది మెచ్చదగిన పనియే. పేరు, ఊరు తెలిసిన వైద్యుని అతని తప్పునకు బాధ్యుని చేయవచ్చును. చాటున వైద్యము చేయువానిని పట్టుకొనుట కష్టము.

కాని నమోదు మనిషికి సంబంధించినది, మందునకు కాదు. జులూ ప్రజలు వాడు ‘ఇంపిలా’ అను మొక్క వేరును చూడుడు. ఆ పేరునకు ఆరోగ్యమని అర్థము. అయినను అందలి అట్రాక్టిలోసైడ్ అను విషము జీవకణములలోని మైటోకాండ్రియాలలో శక్తి మార్పిడిని అడ్డగించి, కాలేయమును, మూత్రపిండములను చెరచును. దానివలన పసిపిల్లలును మరణించిరి. నమోదైన వైద్యుడిచ్చినను, కానివాడిచ్చినను దాని ఫలితమొక్కటే.

మండలి వైద్యుల శిక్షణను, నడవడిని పర్యవేక్షింపగలదు. ప్రతి మూలికను, దాని మోతాదును ప్రయోగశాలలో పరీక్షించు ఏర్పాటు తోడుగా లేనిచో, ఆ నమోదు పత్రమును ప్రజలు మందునకిచ్చిన యోగ్యతాపత్రముగా పొరబడుదురు. చట్టములోని లోపమంతయు ఇచ్చటనే యున్నది.