ముందు చూపు, తరువాత బంతి

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్‌కు విలువ కట్టడం ఎప్పుడూ తగువే. స్ట్రైకర్ పద్దు గోల్స్‌లో తేలుతుంది. గోల్‌కీపర్ పద్దు ప్రత్యర్థి ఖాతాలోని సున్నాల్లో తేలుతుంది. మైదానం నడుమ నిలబడి, వచ్చిన బంతిని మరొకరికి అందించడమే పనిగా పెట్టుకున్నవాడి శ్రమను ఏ ఖాతాలో రాయాలి? ఈ తగువుకు పాల్ స్కోల్స్ కంటే మంచి సాక్షి ఇంగ్లండ్‌లో దొరకడు. 1974లో సాల్ఫర్డ్‌లో పుట్టిన ఈ పొట్టి, ఎర్రజుట్టు ఆటగాడు 1994 నుంచి 2013 వరకు ఒక్క మాంచెస్టర్ యునైటెడ్‌కే 718 మ్యాచ్‌లు ఆడి 155 గోల్స్ చేశాడు. 11 సార్లు ప్రీమియర్ లీగ్, రెండుసార్లు చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్లలో ఉన్నాడు. అయినా తోటి ఆటగాళ్లు ఓటు వేసి ఏటా ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు గానీ, ఫుట్‌బాల్ విలేకరులు ఇచ్చే అవార్డు గానీ ఒక్కసారీ అతనికి దక్కలేదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. అతని పనిలో సగం బంతి తన కాలికి తగలకముందే అయిపోయేది, మిగతా సగం ఫలితం పక్కవాడి ఆటలో కనిపించేది. మంచి మిడ్‌ఫీల్డర్ తయారుచేసేది సమయం, ఆ సమయాన్ని వాడుకునేది ఇతరులు. స్కోల్స్ ఆటను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సూత్రం చాలు.

ఇంగ్లండ్ ఆ సూత్రాన్ని పట్టించుకోకపోవడానికి పాత కారణాలున్నాయి. బురద మైదానాల్లో, చలిగాలిలో పెరిగిన ఆట అది. ఒక బాక్స్ నుంచి మరో బాక్స్‌కు అలుపెరగకుండా పరుగెత్తేవాడే అక్కడ ఆదర్శ మిడ్‌ఫీల్డర్. స్కోల్స్‌కు ముందు యునైటెడ్‌లోనే ఆడిన బ్రయాన్ రాబ్సన్ ఆ ఆదర్శానికి నిలువెత్తు రూపం. దీనికి అంకెల దన్ను కూడా దొరికింది. చార్లెస్ రీప్ అనే వైమానిక దళ అధికారి 1950లో స్విండన్ టౌన్ మ్యాచ్‌తో మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఆటలో ప్రతి కదలికనూ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించాడు. గోల్స్‌లో ఎక్కువ భాగం మూడు పాస్‌లలోపే పడుతున్నాయని తేల్చాడు. తరువాతి కాలంలో ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో శిక్షణ విభాగాన్ని నడిపించిన చార్లెస్ హ్యూస్ కూడా తక్కువ పాస్‌లతో బంతిని నేరుగా ముందుకు కొట్టమనే బోధించాడు. ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. ఫుట్‌బాల్‌లో చాలా దాడులు ఎలాగూ రెండు మూడు పాస్‌లకే తెగిపోతాయి. అలాంటప్పుడు గోల్స్‌లో ఎక్కువ వాటా వాటికే రావడంలో వింత లేదు. వందసార్లు పొట్టి దాడి చేస్తే ఎన్ని ఫలించాయి, వందసార్లు ఓపికగా అల్లుకుంటూ వెళితే ఎన్ని ఫలించాయి అన్నది అసలు అడగవలసిన ప్రశ్న. అది అడగకపోవడంతో ఆలోచించి ఆడేవాడు విలాస వస్తువుగా మిగిలాడు. అలా ఆలోచించి ఆడే మిడ్‌ఫీల్డర్ గ్లెన్ హాడిల్ కూడా, ఎంత ప్రతిభ ఉన్నా, ఇంగ్లండ్‌కు ఆడింది 53 మ్యాచ్‌లే. ఆ హాడిలే తరువాత జాతీయ జట్టు మేనేజర్ అయి, 1997లో స్కోల్స్‌ను ఇంగ్లండ్ చొక్కాలో మొదటిసారి బరిలోకి దింపాడు.

స్కోల్స్ ఆటతీరులో మొదటి మెళకువ కాళ్లకు కాదు, మెడకు సంబంధించింది. బంతి తనవైపు దొర్లుతుండగానే స్కోల్స్ తల ఒకసారి ఎడమ భుజం మీదుగా, మరోసారి కుడి భుజం మీదుగా తిరిగేది. వెనక ఎవరు తరుముకొస్తున్నారు, ఏ మూల ఖాళీగా ఉంది, ఎవరు పరుగు అందుకోబోతున్నారు అన్న పటం బంతి అందేలోపే మనసులో సిద్ధమయ్యేది. పంక్తిలో ఎవరూ అడగకముందే ఏ విస్తట్లో ఏది నిండుకుందో గమనించి అటు నడిచే వడ్డనకారుడి పని లాంటిదిది. రెండో మెళకువ ఒళ్లు నిలిపే తీరు. పాస్ ఇస్తున్నవాడికి పూర్తిగా ఎదురు తిరిగి నిలబడితే బంతిని ఆపి, తిరిగి, అప్పుడు చూడాలి. ఈలోగా ప్రత్యర్థి మీదపడతాడు. ఓరగా నిలబడి ముందుకు వెళ్లే కాలితోనే బంతిని అందుకుంటే, ఆపడం, తిరగడం రెండూ ఒకే తాకుడులో ముగుస్తాయి. మిగిలేది రెప్పపాటు సమయమే కానీ, ఆ స్థాయి ఆటలో అదే ఆస్తి. నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్ల వీడియోలు పరిశీలించి, బంతి అందకముందు చుట్టూ ఎక్కువసార్లు చూసేవారి పాస్‌లే ఎక్కువగా గమ్యం చేరుతున్నాయని గుర్తించాడు. ప్రేక్షకుడు బంతి వెంట చూపు పరిగెత్తిస్తాడు కాబట్టి ఈ పని అతనికి కనిపించదు.

మూడో మెళకువ పాస్ బరువు. బంతి సహచరుడికి చేరితే చాలదు. అతనికి ఏ కాలు వాటమో ఆ కాలికి చేరాలి, అతను పరుగు ఆపనక్కరలేని వేగంతో చేరాలి. మెల్లగా వెళితే డిఫెండర్ మధ్యలో కోసేస్తాడు, మరీ గట్టిగా వెళితే అందుకున్నవాడు దాన్ని లొంగదీసుకోవడానికే రెండు తాకుడులు ఖర్చుపెడతాడు. స్కోల్స్ ప్రత్యేకత కుడివైపు నుంచి ఎడమ అంచుకో, ఎడమ నుంచి కుడికో నలభై యాభై గజాలు ఏటవాలుగా కొట్టే బంతి. ప్రత్యర్థి జట్టంతా ఒక పక్కకు ఒరిగిన క్షణంలో అది రెండో పక్కన వింగర్ పాదాల దగ్గర దిగేది. దాంతో పదిమంది వెనక్కి మళ్లి పరుగెత్తవలసి వచ్చేది, వింగర్‌కు మాత్రం ఎదురుగా ఖాళీ మైదానం. 1997 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో ఇటలీని ఇంగ్లండ్ 2-0తో ఓడించిన మ్యాచ్‌లో ఈ ప్రతిభ రెండు వైపులా బయటపడింది. స్కోల్స్ డిఫెన్స్ నెత్తి మీదుగా వేసిన పొడవాటి పాస్‌ను ఇయాన్ రైట్ గోల్‌గా మలిచాడు. కాసేపటికి రైట్ ఇచ్చిన బంతిని స్కోల్స్ నేరుగా నెట్‌లోకి కొట్టాడు. 2000లో బ్రాడ్‌ఫర్డ్ మీద బెక్‌హామ్ కార్నర్‌ను గాలిలోనే అందుకుని బాక్స్ బయటి నుంచి కొట్టిన వాలీ గురించి నేటికీ చెప్పుకుంటారు. ఆ తన్ను బలాన్ని పొగిడేవారే ఎక్కువ. అందరూ గోల్ ముందు గుమిగూడినప్పుడు, ఎవరూ కాపలా లేని చోటును ముందే ఎంచుకుని నిలబడిన తెలివి అంతకంటే పెద్దది.

ఈ పనితనానికి గట్టి రుజువు అతని వయసు పెరిగిన తీరు. మొదట్లో స్కోల్స్ దాదాపు ఫార్వర్డ్. 2002-03 సీజన్‌లో స్ట్రైకర్ వాన్ నిస్టెల్‌రూయ్ వెనక ఆడి అన్ని పోటీల్లో కలిపి 20 గోల్స్ చేశాడు. 2005-06లో కంటిచూపు మసకబారి సీజన్ రెండో సగానికి దూరమయ్యాడు. ఉబ్బసం ఉంది, వేగం మొదటినుంచీ అంతంతమాత్రమే. పరుగు మీద బతికిన ఆటగాడైతే అక్కడితో ముగిసేవాడు. స్కోల్స్ ఇంకా వెనక్కి జరిగి, మైకేల్ కారిక్ పక్కన నిలబడి, యునైటెడ్ ఆట వేగాన్ని తానే నిర్ణయించే స్థానానికి వచ్చాడు. ఆ తరువాత జట్టు 2007 నుంచి వరుసగా మూడు లీగ్‌లు గెలిచింది. 2011 మేలో రిటైరయ్యాడు. 2012 జనవరిలో, 37 ఏళ్ల వయసులో, మాంచెస్టర్ సిటీ మీద ఎఫ్ఏ కప్ మ్యాచ్‌తో తిరిగొచ్చి, మరో ఏడాదిన్నర ఆడి, ఇంకో లీగ్ టైటిల్‌తో వెళ్లిపోయాడు. పరుగు, బలం వయసుతో తగ్గుతాయి. ముందే చూసి పెట్టుకునే అలవాటు అంత తొందరగా తగ్గదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం అంకెల నుంచే వస్తుంది. ప్రీమియర్ లీగ్‌లో స్కోల్స్ గోల్స్ 107, అసిస్ట్‌లు 55. ఫ్రాంక్ లాంపార్డ్‌వి 177, 102. గోల్స్‌లో స్టీవెన్ జెరార్డ్ కూడా 120తో ముందున్నాడు. ఈ తేడాను కొట్టిపారేయడం అన్యాయం. అయితే అసిస్ట్ అనేది గోల్‌కు ముందరి చివరి పాస్‌ను మాత్రమే లెక్కిస్తుంది. చిక్కుముడిని విప్పే పాస్ తరచుగా దానికి ముందరిదో, ఆ ముందరిదో. రెండో దశలో స్కోల్స్ నిలబడిన చోటు నుంచి చూస్తే గోల్ చాలా దూరం. అక్కడి నుంచి వింగర్‌కు ఇచ్చిన బంతి క్రాస్‌గా మారి గోల్ అయితే అసిస్ట్ వింగర్‌దే. మరో సంగతి: యోర్డెట్ పరిశీలనలో చుట్టూ అత్యధికంగా చూసేవారిలో లాంపార్డ్ ఒకడు. అతని గోల్స్ గుడ్డి పరుగుల ఫలం కావు. అంటే ఆ అంకెలు కూడా బంతి రాకముందు జరిగే పనికే సాక్ష్యం చెబుతున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: అతనికి రాయ్ కీన్ వంటి కాపలాదారు, ఫెర్గూసన్ వంటి మేనేజర్, అటూ ఇటూ మేటి వింగర్లు ఉన్నారు, బంతి లాక్కోవడం అతనికి రాదు. చివరి మాట నిజమే. అతని ట్యాక్లింగ్ మొరటుగా ఉండేది, ఆలస్యంగా వెళ్లేవాడు. 1999లో స్వీడన్ మీద రెడ్ కార్డు చూసి, పాత వెంబ్లీ స్టేడియంలో అలా మైదానం వీడిన ఏకైక ఇంగ్లండ్ ఆటగాడయ్యాడు. అదే ఏడాది సస్పెన్షన్ వల్ల చాంపియన్స్ లీగ్ ఫైనల్ కూడా పోగొట్టుకున్నాడు. ఇలాంటివాడికి పక్కన తోడు కావాలి. కానీ ఏ మిడ్‌ఫీల్డరూ ఒంటరిగా పనిచేయడు, మిగతావారికి సమయం ఇచ్చేవాడి విలువ మిగతావారు ఉన్నప్పుడే తెలుస్తుంది. ఇంగ్లండ్ జట్టు ఈ సంగతిని తిరగేసి నిరూపించింది. 2004 యూరో పోటీల్లో జెరార్డ్, లాంపార్డ్ మధ్యలో, స్కోల్స్ ఎడమ పక్కన ఆడారు. ప్రతి వైపూ చూడగలిగినవాడిని ఒక వైపు గీత దగ్గర నిలబెడితే అతని చూపులో సగం మైదానం బయటికి పోతుంది. ఆ టోర్నీ తరువాత 29 ఏళ్లకే, 66 మ్యాచ్‌ల దగ్గర, అతను జాతీయ జట్టుకు సెలవు చెప్పాడు. కుటుంబం కోసమే అన్నాడు, ఆ మాటను నమ్మవచ్చు. అయితే అతను వెళ్లిపోయిన కారణం వేరు, ఉన్నప్పుడు అతన్ని వాడుకున్న తీరు వేరు.

ఇప్పుడు లోలకం రెండో వైపుకు ఊగింది. స్పెయిన్‌కు చెందిన చావి వంటివారు మెచ్చుకున్న తరువాత, స్కోల్స్‌ను లోపమే లేని మేధావిగా చిత్రించడం అలవాటైంది. అది కూడా పాత పొరపాటుకు కొత్త రూపమే, ఎందుకంటే పొగడ్త ఆటగాడి పేరు దగ్గర ఆగిపోతుంది, మెళకువ దాకా వెళ్లదు. భుజం మీదుగా చూడటం, ఓరగా నిలబడటం, అందుకునేవాడి కాలిని బట్టి బంతి బరువు నిర్ణయించడం: ఇవన్నీ పదేళ్ల పిల్లలకు నేర్పగలిగిన అలవాట్లు. దేవుడిచ్చిన వరమని చెప్పుకుంటే కోచ్ బాధ్యత తప్పించుకుంటాడు. ఇంగ్లండ్ హాడిల్‌ను అనుమానించినప్పుడు, స్కోల్స్‌ను అంచుకు నెట్టినప్పుడు, కారిక్‌కు 34 మ్యాచ్‌లతో సరిపెట్టినప్పుడు కొరవడినది ప్రతిభ కాదు, దాన్ని కొలిచే కొలబద్ద. మిడ్‌ఫీల్డర్ గురించి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అతని నుంచి బంతి అందుకున్నవాడికి, అంతకుముందు లేని వెసులుబాటు ఎంత దొరికింది? ఆ కొలతతో చూస్తే 155 గోల్స్ స్కోల్స్ చేసిన పనిలో చిన్న భాగం మాత్రమే.