తుంగభద్ర ఎడమ కాలువ: వరి వెనుక దాగిన వెల

తుంగభద్రా జలాశయము 1953లో పూర్తియైనది. పిమ్మట కోస్తా జిల్లాల తెలుగు రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతములకు తరలివచ్చి, నేటికిని 'క్యాంపు'లని పిలువబడు పల్లెలను కట్టుకొనిరి. వారి చరిత్ర చెప్పునపుడెల్ల, బీడును బంగారము చేసిరను మాటయే ముందుగా వినవచ్చును. అందు సత్యము లేకపోలేదు. కాని అది సగము కథ. తక్కిన సగమునకు హాలెండు దేశీయుడగు పీటర్ మొల్లింగా రచించిన 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' (2003) మంచి సాక్ష్యము. 1990 దశకపు తొలి యేండ్లలో ఈ కాలువ క్రింది పల్లెలలో జరిపిన పరిశీలనము దానికి ఆధారము.

ఎడమ కాలువ వరి కొరకు త్రవ్వబడినది కాదు. కరవు సీమయగు రాయచూరున, ఉన్న నీటిని విశాలమైన భూమికి పలుచగా పంచి, జొన్న, వేరుసెనగ, ప్రత్తి వంటి ఆరుతడి పైరులను కాపాడుటయే దాని లక్ష్యము. ఏ భూమిలో ఏ పైరు వేయవలెనో ప్రభుత్వమే నిర్ణయించినది. అయితే డెల్టాలో ఎకరమమ్మిన సొమ్ముతో ఇచట పలు ఎకరములు కొనగలిగినవారు నేల చదును చేయించి, మడులు కట్టి, వరికే దిగిరి. స్థానికులలోను పలువురు వారి దారినే పట్టిరి. ఎగువ తూములు నీటిని మ్రింగగా, దిగువనున్న మాన్వి, రాయచూరు తాలూకాల రైతులకు తరచు ఎండిన కాలువయే మిగిలినది. నీటి పంపకము లెక్కల వ్యవహారము కాదనియు, రైతులు, ఇంజనీర్లు, రాజకీయ నాయకుల నడుమ నిత్యము సాగెడి బేరమనియు చూపుట ఈ గ్రంథపు గొప్పతనము.

అయితే రచయిత దృష్టి నీటిపైననే నిలిచినది. విత్తనము కథయు దానితో సమానముగ చెప్పదగినది. జొన్నచేను జొన్నకే పరిమితము కాదు. సాళ్ళ నడుమ కంది, అనుములు, అలసంద, గట్టున కుసుమ ఉండెడివి. చొప్ప ఎద్దులకు మేత. వరిమడిలో ఈ కూటమికి చోటు లేదు. 1986లో బాపట్ల నుండి వెలువడిన బి.పి.టి. 5204 వంటి కొలది వంగడములే వేల ఎకరములను ఆక్రమించినవి. అన్నమునకు శ్రేష్ఠమైన ఆ వంగడము అగ్గితెగులుకు, దోమపోటుకు లోనగునది. కనుక మందుల ఖర్చు, దాని వెంట అప్పు. నీరు నిలిచిన నల్లరేగడి చౌడుబారినది. గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రమున చౌడు నేలలపై పరిశోధనలు సాగుటకు ఇదియే హేతువు. భూమి వెల పెరుగకమునుపే అమ్ముకొన్న స్థానికుడు, ఒకప్పటి తన పొలముననే కూలికి నిలువవలసివచ్చుట ఈ లెక్కలో చేరని నష్టము.

వలసవచ్చిన తొలి తరము శ్రమను ఎవరును కాదనరు. శ్రమను కీర్తించి, దాని వెలను ఇతరుల ఖాతాలో వ్రాయుట మాత్రము చరిత్ర కాదు. పైగా ఆ వెల నేడు అందరి ఖాతాకును ఎక్కుచున్నది. ఆదిలో ఇంచుమించు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము పూడికవలన సుమారు 105 టి.ఎం.సి.లకు దిగినది. నీరు తగ్గినపుడు ఆరుతడి పైరులే శరణ్యము. ఆ విత్తనములను, ఆ సేద్యపు తెలివిని కాపాడినవారు దిగువ ఆయకట్టు కన్నడ రైతులు, మెట్టరైతులును. క్యాంపుల చరిత్ర వ్రాయువారు వారికొక అధ్యాయము నియ్యవలెను. అది దయ కాదు, ఋణము.