పిట్ట ముట్టిన పాట

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల దిక్కు పల్లెల్లో ఇంట్లో మనిషి పోతే మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు పిట్టకు పెడతారు. పోయినాయనకు ఏమేమి ఇష్టమో అవన్నీ విస్తట్లో వడ్డించి, పక్కన కల్లో మందు సీసానో పెట్టి అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే గండం గడిచినట్టే. రాలేదంటే గుసగుసలు మొదలవుతాయి. బిడ్డ మీద రంది పెట్టుకొని పోయిండా, పంచని రెండు గుంటల జాగ గురించా, పెద్దకొడుకు దుబాయి నుంచి రాలేదనా? ఎండ ముదురుతుంది, పిల్లలు ఆకలికి ఏడుస్తారు, కాకి చెట్టు దిగదు. ఆ అరగంటలో బయటపడినన్ని ఇంటి గుట్లు పెద్దమనుషుల పంచాయితీలో కూడా బయటపడవు.

2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ సినిమా ఈ అరగంట మీదే నిలబడింది. తీసింది సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి. నల్లిబొక్క దగ్గర మొదలైన తగువుతో ఇరవై ఏళ్లు మాటల్లేని బావాబామ్మర్దులు, చనిపోయిన కొమురయ్య, ముట్టని పిట్ట. కథ ఇంతే. మూడొద్దులకు ముట్టదు, అయిదొద్దులకు ముట్టదు. పదకొండో రోజున ఇద్దరు బుడగజంగాల కళాకారులు వచ్చి పాటెత్తుకుంటారు. కొమురయ్యను పేరు పెట్టి పిలుస్తూ, ఎక్కడికి పోయావని అడుగుతూ సాగే పాట అది. పాట ముగిసేసరికి తెర మీద వాళ్లూ ఏడుస్తారు, తెర ముందున్న వాళ్లూ ఏడుస్తారు. ఆ ఎండాకాలం ఊరూరా పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి ఈ సినిమా వేశారు. ‘బలగం’ చూసి కంట తడి పెట్టలేదని చెప్పేవాణ్ని మా దిక్కు ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన ఆలుమగలు. భీమ్స్ సిసిరోలియో సంగీతంలో ఆ సినిమాకు మంచి పాటలు చాలానే ఉన్నాయి. ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది. అయినా సినిమా పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఆ ఇద్దరి గొంతే. సినిమా పాటగా వింటే అందులో హంగులేమీ లేవు. మరి ఆ బలం ఎక్కడిది? పాటలో వెతికితే దొరకదు, వాళ్ల పనితనంలో వెతకాలి.

బుడగజంగాలు కథలు చెప్పే కులం. తెలంగాణలో షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. మొగాయన తంబూర భుజానికి ఎత్తుకొని, బొటనవేలికి లోపల గుండ్లున్న ఇత్తడి అందె తొడుక్కొని కథ నడుపుతాడు. భార్య డిక్కీ అనే చిన్న డోలు వాయిస్తూ వంత పాడుతుంది. కోస్తాలో బుర్రకథ అనగానే నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు కనిపిస్తారు. ఆ రూపం 1940లలో ప్రజానాట్యమండలి చేతిలో గట్టిపడింది. పద్మశ్రీ షేక్ నాజర్ దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. జంగాల కథ దానికంటే పాతది, చిన్నది. వేదిక అక్కర్లేదు. ఇంటి ముందు వాకిలి చాలు, ఆలుమగలిద్దరు చాలు.

ఇద్దరే ఉన్నా పాటలో సందు దొరకకపోవడం దీని మొదటి మర్మం. కథకుడు పైస్థాయిలో, గొంతు పూర్తిగా తెరిచి చరణం ఎత్తుకుంటాడు. పొలం అవతలి మనిషికి వినబడాలి కదా, మైకు లేని కాలపు గొంతు అది. చరణం చివర రాగం తీసి, ఊపిరి అయిపోయే ముందే ఆఖరి మాటను వదులుతాడు. ఆ మాట నేల మీద పడకముందే భార్య అందుకుంటుంది. ఆమె దాన్ని పొడిగిస్తున్నంతసేపు ఆయన గాలి పీల్చుకొని తర్వాతి చరణం కూర్చుకుంటాడు. వంత అంటే మెచ్చుకోలు కేకలని చాలామంది అనుకుంటారు. నిజానికి రాత్రంతా కథ చెప్పాల్సినవాడికి అది ఊపిరి, ఆలోచించుకునే వ్యవధి కూడా. దుఃఖం పాడేటప్పుడు ఇదే ఏర్పాటు ఇంకో పని చేస్తుంది. ఒక గొంతు ఏడుస్తుంటే రెండో గొంతు దాన్ని పట్టుకొని నిలబెడుతుంది. వినేవాడికి ఏడ్చే ధైర్యం అక్కడే వస్తుంది.

రెండో మర్మం జ్ఞాపకం. బాలనాగమ్మ, బొబ్బిలి కథ, దేశింగురాజు, సర్వాయి పాపడు: ఒక్కొక్కటీ గంటల కొద్దీ సాగే కథలు. ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఎవరూ బట్టీ పట్టరు. గుర్రానికి జీను కట్టడం, అడవిలో దారి తప్పడం, తల్లి ఏడవడం, యుద్ధానికి బయల్దేరడం లాంటివాటికి కట్టుబడి వరసలు నాలుకమీద ఉంటాయి. ఏ కథలో ఆ సందర్భం వచ్చినా ఆ వరస దిగుతుంది, పేర్లు మారతాయి. కథకుడు గుర్తుపెట్టుకునేది సందర్భాల వరుసను. మాటలు అప్పటికప్పుడు పుడతాయి. జనం ఆవలిస్తే అడవి తొందరగా దాటేస్తాడు, ముందుకు జరిగి కూర్చుంటే అదే అడవిలో ఒక పులిని కూడా దింపుతాడు.

చావింటి పాటకు వచ్చేసరికి ఈ నేర్పే మరింత పదునెక్కుతుంది. వాళ్లు వచ్చీ రాగానే పాడరు. ముందు అరుగు మీద కూర్చొని ఎవరో ఒక పెద్దమనిషితో మాట కలుపుతారు. పోయినాయన పేరేంది, కొడుకులెందరు, బిడ్డను ఎక్కడిచ్చిండ్రు, అల్లుడు ఏం చేస్తడు, కడసారి చూపుకు ఎవరు అందలేదు? తర్వాత ఈ పేర్లన్నీ వరసలో కూర్చుకుంటారు. కొడుకుల పేర్లు వచ్చేసరికి కొడుకులు తల వంచుకుంటారు. బిడ్డ పేరు దగ్గర కథకుడు కొంచెం ఆగుతాడు, అందె మోత తగ్గుతుంది, ఆడవాళ్ల వైపు నుంచి మొదటి ఏడుపు వస్తుంది. అది వచ్చాకే గొంతు మళ్లీ పైకి లేస్తుంది. ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా ఉద్దేశం. ఒక్క క్షణం ముందు ఆగితే నటనలా ఉంటుంది, ఆలస్యమైతే అదును తప్పుతుంది. ఏడుపు పూర్తిగా పొంగాక పాటను అక్కడే వదిలిపెట్టరు. పుట్టినవాడు గిట్టక తప్పదన్న తత్వంలోకి మెల్లగా మళ్లించి, ఉన్నవాళ్లు కలిసి బతకమని దీవించి ముగిస్తారు. బియ్యమో, బట్టో, పైసలో తీసుకొని తర్వాతి ఊరి దారి పడతారు.

అంటే ఒక ఇంట్లో పాడిన పాట ఇంకో ఇంటికి పనికిరాదు. ‘బలగం’లో మనం విన్నది కొమురయ్య ఇంటి పాట. సినిమా దాన్ని పదేపదే వినగలిగేలా చేసింది, నిజమే. కానీ ఈ కళ విలువంతా మన ఇంటికి వచ్చి మన పేర్లతో పాడటంలో ఉంది. కోరుట్ల నుంచో మెట్‌పల్లి నుంచో గల్ఫ్‌కు పోయిన కొడుకు ఇప్పుడు తండ్రి దినాలను వీడియో కాల్‌లో చూస్తున్నాడు. ఆ ఫోన్ తెరకు ఇవతల జంగమాయన తన పేరు పాడితే అక్కడ లేబర్ క్యాంపులో ఆ కొడుకు ఏమవుతాడో వేరే చెప్పాలా?

తెర కథకు ప్రాణం పోసే పాటగాళ్లకు ఎలాంటి బతుకు దక్కవచ్చో చూడాలంటే ఒకసారి జపాన్ దాకా పోవాలి. అక్కడ అనిమే అనే బొమ్మల సీరియళ్లకు ముందు దాదాపు 90 సెకన్ల పాట వస్తుంది. కథ నడక, నాయకుడి మొండితనం, రాబోయే నష్టం అన్నీ ఆ ఒకటిన్నర నిమిషంలో పట్టాలి. ఇచిరో మిజుకి అనే ఆయన 1972లో ‘మజింగర్ జెడ్’ పాట పాడాడు. ఆ తర్వాత 2022 డిసెంబరులో కన్నుమూసేదాకా ఈ పాటలే ఆయన వృత్తి. 1999లో 24 గంటల్లో వెయ్యి పాటలు పాడాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చాక చక్రాల కుర్చీలో వచ్చి మరీ వేదిక మీద పాడాడు. ఇప్పటి తరంలో లీసా ఉంది. 2010లో ‘ఏంజెల్ బీట్స్’ అనే సీరియల్‌లో ఒక పాత్రకు పాట గొంతు ఇచ్చి మొదలుపెట్టింది. ‘డీమన్ స్లేయర్’కు 2019లో ‘గురెంగే’ పాడింది. మరుసటి ఏడాది అదే కథ మీద తీసిన సినిమాకు పాడిన ‘హొమురా’కు జపాన్ రికార్డ్ అవార్డు అందుకుంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకూ వచ్చింది. జగిత్యాల కుర్రాడు కూడా ఇప్పుడు లీసా గొంతు గుర్తుపడతాడు.

ఆమె రాక్ గాయని, వీళ్లు జంగమోళ్లు, పోలికెక్కడిది అనవచ్చు. గిటార్లు, డ్రమ్ములు తీసి పక్కనపెట్టి వినండి. కథలోని మనిషి తనకు తాను చెప్పుకోలేని మాటను గాయని బయటనుంచి అతని కోసం పాడుతుంది. కొమురమ్మ చేసిందీ అదే. ఇద్దరిదీ గొంతు పగిలే చోటుకు వెళ్లి, పగలకుండా వెనక్కి తెచ్చే విద్య. తేడా పాట తర్వాతి బతుకులో ఉంది. ఒక పాట హిట్టయితే లీసాకు ఇంకో సీరియల్, ఇంకో ఆల్బమ్, ఇంకో కచేరీ వరసగా వస్తాయి. మన దగ్గర హిట్టయిన పాట వెంట వరసగా వచ్చేవి సన్మానాలు. శాలువాలు ఎన్ని కప్పినా అవి కిరాణా కొట్టులో చెల్లవు.

‘భీమ్లా నాయక్’ సంగతే చూడండి. 2021 సెప్టెంబరులో ఆ సినిమా టైటిల్ పాట వచ్చినప్పుడు తమన్ బాణీ కంటే ముందు చెవిన పడింది 12 మెట్ల కిన్నెర. దర్శనం మొగిలయ్యది ఆ వాద్యం, ఆ గొంతు. ఈయనదీ మొగిలయ్య పేరే కాబట్టి చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు. ఈయన నాగర్‌కర్నూల్ వైపు వారు. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు కలిస్తే కిన్నెర. పాలమూరు దిక్కు పండుగ సాయన్న లాంటి వీరుల కథలు దానిమీదే చెప్పుకొచ్చారు. వీరుడి పుట్టుక, తల్లిదండ్రులు, ఊరు చెప్పి ఆ తర్వాతే వీరత్వంలోకి పోవడం ఆ కథల పద్ధతి. సినిమా పాటలోనూ ఆయన చేసింది అదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన కూలిపనిలో ఉన్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి.

‘బలగం’ మొగిలయ్య కథ ఇంకా బాధాకరం. సినిమా ఆడుతున్న రోజులకే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీద ఉన్నాడు, చూపు కూడా మందగించింది. సినిమావాళ్లు, ప్రభుత్వం, మామూలు జనం కూడా సాయం చేశారు. చేసినవాళ్లందరికీ దండం పెట్టాలి. కానీ అది రోగికి చేసిన సాయం, కళాకారుడికి కట్టిన కూలి కాదు. ఈ రెండింటినీ మనం తరచూ ఒకటిగా చూస్తున్నాం. 2024 డిసెంబరు 19న ఆయన చనిపోయాడు. ఇన్నేళ్లూ తాను అందుకొని నిలబెట్టిన గొంతు పోయాక కొమురమ్మ ఒక్కతే మిగిలింది. జంటగా పాడే కళలో ఒకరు పోతే పోయేది సగం కాదు.

ఈ నేల మీద ఇంకో దారి కూడా ఉండేది. వేములవాడ దగ్గరి హన్మాజీపేట అనే ఒకే ఊరు రెండు రకాల పాటను ఇచ్చింది. కవి సినారె అక్కడివాడే. 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమాకు పాటలు రాయడం మొదలుపెట్టి, ‘విశ్వంభర’తో జ్ఞానపీఠం దాకా పోయాడు. ఒగ్గుకథ మిద్దె రాములు కూడా ఆ ఊరివాడే. ఎల్లమ్మ కథ చెబితే మిద్దె రాములే చెప్పాలనేవారు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో కూడా ఆయన ఒగ్గు మోగింది. సినిమా సాయం లేకుండానే ఆయనకు ఆ పేరు వచ్చింది. కారణం సులభం. ఊళ్లు ఆయన్ను పిలిచాయి. ఎల్లమ్మ పండుగకో బీరప్ప కొలుపుకో బయానా ఇచ్చి రమ్మన్నాయి. కథ పూర్తయ్యేదాకా కూర్చొని విన్నాయి. కళాకారుడికి ఏడాదికి ఇన్ని రాత్రుల పని దొరికితే, ఆ రాత్రుల్లో శిష్యులూ తయారవుతారు. అవార్డు ఎంత పెద్దదైనా శిష్యుణ్ని తయారుచేయలేదు.

ఒగ్గుకు కనీసం కొలుపులున్నాయి, మల్లన్న పట్నాలున్నాయి. చావింటి పాటకు పండుగ క్యాలెండర్ లేదు. పైగా దినాల్లో ఇప్పుడు పెద్ద సౌండు బాక్సు పెట్టి ‘బలగం’ పాటనే పెన్‌డ్రైవ్‌లో మోగిస్తున్నారు. పోయినాయన పేరు ఏ రాజయ్యో లింగయ్యో అయివుంటుంది, బాక్సు మాత్రం కొమురయ్యను పిలుస్తుంటుంది. వినడానికి నవ్వొస్తుంది గాని, ఆ బాక్సు కిరాయి పెట్టే డబ్బుతోనే మనిషిని పిలవొచ్చు.

మా బీర్పూర్‌లో గానీ, ధర్మపురి, సారంగాపూర్ ఊళ్లలో గానీ బుడగజంగాల ఇళ్లు ఎక్కడున్నాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మీ ఇంట్లో పదకొండో రోజు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ పక్కనపెట్టి వాళ్లకు కబురు పెట్టండి. ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకోండి, బిచ్చంలా కాక కూలిగా చేతికివ్వండి. పోయినవాళ్ల పేరు, ఉన్నవాళ్ల పేర్లు చెప్పి, పాట ముగిసేదాకా లేవకుండా కూర్చోండి.