అరువు వెలుగు నగలు

ఉగాది సభలలోనూ, పిల్లల నృత్య ప్రదర్శనలలోనూ ఇటీవల ఒక వింత కనబడుతున్నది. రంగస్థలం మీది పాప మెడలో హారం ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా మిణుకుమంటూ వుంటుంది. ముందు వరుసలో పెద్దలు "ఇదేమి నగ, పందిరికి కట్టిన దీపాల తోరణంలా వున్నదే!" అని నొచ్చుకుంటారు. వెనుక వరుసలో పిల్లలు మురిసిపోతారు. మెచ్చుకోవడమూ, ఈసడించడమూ తప్ప ఈ దీపాల నగల గుణదోషాలను మనం కూర్చొని విచారించింది లేదు. ఈ వ్యాసంలో ఆ పని చేయబూనుకున్నాము. ఈ కళ ఎక్కువగా పెరిగినది అమెరికాలో గనుక, ఉదాహరణలను అక్కడినుండే తీసుకుంటాము.

ముందుగా కొలబద్ద ఏదో చెప్పుకోవాలి. మన అమ్మమ్మల నాటి కెంపుల నగను తిరగవేసి చూసినవారికి ఒక సంగతి తెలుసు. రాతిని పొదిగేటప్పుడు కంసాలి వెనుకవైపు మూసివేస్తాడు. మూయకముందు రాతి అడుగున మెరుగుపెట్టిన పలుచని రేకు వేస్తాడు. దీపపు వెలుగు రాతిలోనికి పోయి, ఆ రేకుకు తగిలి, ఎరుపు రంగు పూసుకొని బయటకు వస్తుంది. అంటే ఆ నగకు సొంత వెలుగు లేదు. ఎదుటి దీపం దగ్గర అరువు తెచ్చుకొని, వడ్డీతో సహా తిరిగి ఇస్తుంది. లంబాడీ స్త్రీల రవికెల మీది అద్దాల పనిలోనూ ఇదే సూత్రం. మనిషి కదిలితేనే మెరుపు కదులుతుంది. దీపం ఆరిపోయినా నగ నగగానే మిగులుతుంది.

దీనినుండి మాకు రెండు ప్రశ్నలు తోచాయి. వెలుగు ఆరిన తరువాత మిగిలేది నగేనా? ఆ వెలుగు ధరించిన మనిషి కదలికకు లోబడి వున్నదా, లేక మనిషే దానికి దీపస్తంభమై నిలబడవలసి వస్తున్నదా? ఏ దీపపు నగనైనా ఈ రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చునని మా అభిప్రాయం.

అమెరికాలో ఈ ముచ్చట కొత్తది కాదు. ఎడిసన్ న్యూయార్కు పెర్ల్ వీధిలో విద్యుత్ కేంద్రం ప్రారంభించినది 1882 సెప్టెంబరు 4న. ఏడు నెలలైనా గడవకముందే, 1883 మార్చి 26న, ఆ నగరంలోనే ఆల్వా వాండర్‌బిల్ట్ అనే సంపన్నురాలు వేషధారణ విందు ఇచ్చారు. ఆ విందుకు ఆమె తోడికోడలు ఆలిస్ వాండర్‌బిల్ట్ 'విద్యుద్దీపం' వేషంలో వచ్చారు. పారిస్‌లో చార్లెస్ వర్త్ కుట్టించిన పట్టు గౌను, దానిమీద బంగారు వెండి దారాల పని, దుస్తులలో దాచిన బ్యాటరీతో వెలిగే కాగడా చేతిలో. ఆ గౌను ఇప్పటికీ న్యూయార్కు నగర మ్యూజియంలో వున్నది. కాగడా ఏనాడో ఆరిపోయింది, కాని ఆ జరీ పనిని చూడడానికి నేటికీ జనం ఆగుతారు. మా మొదటి ప్రశ్నకు ఇది సరైన సమాధానమే. రెండవ ప్రశ్న దగ్గర మాత్రం తేలిపోతుంది. ఆ వేషంలో తీయించుకున్న ఫోటోలో ఆమె చేయి పైకెత్తి శిల్పంలా నిలబడి వున్నారు. వెలుగు ఆమెను అలంకరించలేదు, ఆమే వెలుగును మోసింది.

తరువాతి మలుపు 1962లో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని చేసి చూపాడు. వేడి తక్కువ, పరిమాణం ఆవగింజంత, కొద్దిపాటి కరెంటు చాలు. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. 1990లలో జపానులో సిద్ధమయ్యాక అన్ని రంగులూ చేతికి అందాయి. ఈ నడుమ 1967 ప్రాంతంలో న్యూయార్కులో డయానా డ్యూ అనే ఆమె వెలిగే పలకలు పొదిగిన గౌనులు చేసి అమ్మింది. బ్యాటరీని నడుముకు కట్టుకోవాలి, మీట తిప్పితే మిణుకు వేగం మారుతుంది. నృత్యశాలల కోసం చేసినవి గనుక ఒక్క రాత్రి ఉత్సాహమే వాటి ప్రయోజనం. వాటిని చిన్నచూపు చూడబోము. అయితే ఒక మాట చెప్పుకోవాలి. బరువును మోయడానికి తగిన చోటు నడుమేనని ఆమె కనిపెట్టింది. మన వడ్డాణం చేసిన వారికి ఆ సంగతి ఏనాడో తెలుసు.

ఇక మా దృష్టిలో అన్నిటికంటె గొప్పదైన పనికి వద్దాము. 1990ల చివర ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మాగీ ఆర్త్, రెహ్మీ పోస్ట్, వారి సహచరులు ఒక గౌను, ఒక హారం చేశారు. వాటికి 'మిణుగురు' అని పేరు పెట్టారు. గౌనులో కరెంటు పారే గుడ్డ రెండు పొరలుగా వున్నది. ఒక పొర బ్యాటరీ ధన ధ్రువానికి, మరొకటి ఋణ ధ్రువానికి కలిసి వుంటాయి. మధ్యలో చిన్న ఎల్.ఇ.డి.లు. వాటి రెండు కొసలకూ కరెంటు పారే మెత్తని నూగు ముక్కలు. ధరించినావిడ అడుగు వేసినప్పుడు ఆ ముక్కలు రెండు పొరలకూ తగిలితే దీపం వెలుగుతుంది, తగలకపోతే ఆరిపోతుంది. ఎక్కడ ఎప్పుడు వెలగాలో చెప్పే యంత్రం లేదు. నడకే యంత్రం.

హారం సంగతి ఇంకా బాగున్నది. దానికి బ్యాటరీయే లేదు. దాని పూసలూ కుచ్చులూ గౌనును రాసుకొన్నప్పుడు, ఆ గుడ్డలోని కరెంటును అందుకొని వెలుగుతుంది. విడిగా తీసి బల్లమీద పెడితే అది మామూలు పూసల హారం. మెడలో వేసుకొని కదిలితేనే మిణుగురు. మన కెంపుల నగ దీపం దగ్గర వెలుగు అరువు తెచ్చుకున్నట్లే, ఈ హారం కట్టుకున్న గుడ్డ దగ్గర అరువు తెచ్చుకుంటుంది. మా రెండు ప్రశ్నలకూ ఒక్కసారే సమాధానం చెప్పిన నగ ఇది.

ఆ గుడ్డ ఏమిటన్నది మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి. ఆర్త్, పోస్ట్ తమ ప్రయోగాలకు ఎంచుకొన్నది పలుచని పట్టు ఆర్గంజా. అందులో ఒకవైపు నూలు వట్టి పట్టు, అడ్డంగా వచ్చే నూలు మీద సన్నని లోహపు రేకు చుట్టి వుంటుంది. ఇట్లాంటి గుడ్డ భారతదేశంలో చాలాకాలంగా నేస్తున్నదేనని వారి వ్యాసాలలోనే వున్నది. ఇంకేమి, అది జరీ! పట్టు దారం మీద వెండి తీగను చదును చేసి చుట్టి, బంగారు పూత పూయడమే గదా మేలిరకం జరీ అంటే. లోహాలన్నిటిలో కరెంటును అతి సులువుగా పారనిచ్చేది వెండి. గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ చీరల అంచులో తరతరాలుగా పరచి వున్నది నిజానికి కరెంటు తీగే. దాన్ని ఎవరూ దీపానికి కలపలేదు, అంతే.

దీన్ని పట్టుకొని 'అంతా మనదే' అని చాటింపు వేయడం మా ఉద్దేశం కాదు. జరీలో ఎక్కువ భాగం సూరత్‌నుండి వచ్చేదే, ఎం.ఐ.టి. చేరిన ఆ గుడ్డ ఏ తెలుగు మగ్గం మీదో దిగినదని అనబోము. చదువుకున్నవారు తమ సామగ్రి పుట్టిన దేశం పేరు రాసుకున్నారు, అది వారి నిజాయితీ. అయినా మాకొకటి కలుక్కుమన్నది. రూపకల్పన చేసినవారి పేర్లు వున్నాయి, దీపం అమర్చినవారి పేర్లు వున్నాయి. ఆ గుడ్డ నేసినవారికి 'భారతదేశం' అన్నదే పేరు. చెరకు తోటలకు ఓడలెక్కి వచ్చిన మన పెద్దలను ఎట్లా నమోదు చేశారో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన దస్తావేజులు చెబుతాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. తాతల పేరుకోసం ఆ నంబర్లు వెతుక్కొన్న వారి వారసులం గనుక, నేతగాని పేరు లేని చోటు మన కంటికి ముందు కనబడుతుంది. ఒక కళాఖండం గురించి రాసేటప్పుడు దారం నేసిన చేయిని కూడా అడగడం విమర్శకుని ధర్మమని అనుకుంటున్నాము.

ఇదే దారిలో మరొక మెట్టు పైకి వెళ్ళినవారు లియా బ్యూక్లీ. కొలరాడో విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఆమె ఎల్.ఇ.డి.లను పూసలుగా మలచి, గాజుపూసలతో కలిపి, పూసల మగ్గం మీద కంకణం నేశారు. అక్కడ దీపం నగలో దాగలేదు, తానే పూస అయింది. ఆరినా పూసల నేత పూసల నేతగానే వుంటుంది. తరువాత 2007లో ఆమె రూపొందించిన లిల్లీప్యాడ్ అనే చిన్న కంప్యూటరు పలకను బౌల్డర్ నగరపు స్పార్క్‌ఫన్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. గుండ్రని ఊదారంగు పువ్వులా వుంటుంది. అంచున రేకలవలె రంధ్రాలు, వాటిగుండా కరెంటు పారే దారంతో కుట్టాలి. సూదీ దారమూ పట్టగలిగితే చాలు, కాల్చే పని అక్కరలేదు. దీని ఫలితం చూడండి. 2010లో ఆమె, బెంజమిన్ మాకో హిల్ కలిసి ప్రచురించిన పరిశీలన ప్రకారం, లిల్లీప్యాడ్‌తో పూర్తిచేసిన పనులలో సుమారు 65 శాతం స్త్రీలవి. అదే జాతికి చెందిన మామూలు ఆర్డుయినో పలక దగ్గర స్త్రీల వాటా 2 శాతం. పనిముట్టు రూపం మారితే చేసేవారు మారతారు. ఇంతకంటె గొప్ప విమర్శ ఏ వ్యాసమూ చేయలేదు.

ఇక దోషాల మాట. మన పిల్లల మెడలలో కనబడే చౌక సరుకును అట్లా వుంచి, శ్రద్ధగా చేసే అమెరికన్ అభిరుచివారి నగలలోనూ ఒక లోపం తరచు కనబడుతుంది. అది వెలుగు అతి కావడం. న్యూయార్కులోని అడాఫ్రూట్ కంపెనీ అమ్మే ఒక బిళ్ళ 23 మిల్లీమీటర్ల వెడల్పులో 7 రంగుదీపాలను ఇముడ్చుకొన్నది. చక్కని వస్తువు. అయితే ఒక్కొక్క దీపం పూర్తి తెలుపులో వెలిగితే సుమారు 60 మిల్లీ ఆంపియర్లు, ఏడింటికీ 420 లాగుతుంది. గడియారపు నాణెం బ్యాటరీ ఆ బరువు మోయలేదు. అందుచేత పెద్ద బ్యాటరీ వస్తుంది, పతకం లావెక్కుతుంది, మెడ వంగుతుంది, ఎదుటివాని కళ్ళు జిగేలుమంటాయి. ముఖం కనబడదు, నగే కనబడుతుంది. చీకటిలో అందులో పదోవంతు వెలుగు చాలు. కంసాలి రేకు వేసేటప్పుడు పాటించిన మితం ఇక్కడ మరచిపోతున్నారు.

మరొకటి అందచందాలకు మించిన సంగతి. నాణెం బ్యాటరీని పసిబిడ్డ మింగితే గొంతులో ఇరుక్కొని రెండు గంటలలోనే లోపలి కండను కాల్చివేయగలదు. అమెరికాలో ఒక పసిపాప మరణం తరువాత 2022లో 'రీస్ చట్టం' వచ్చింది. పనిముట్టు లేకుండా, లేదా రెండు వేర్వేరు కదలికలు ఒకేసారి చేయకుండా, బ్యాటరీ గూడు తెరుచుకోరాదన్నది దానికింద వచ్చిన నియమం. మన ఇళ్ళలో చంకబిడ్డలు ముందు పట్టుకొని నోట పెట్టుకొనేది తల్లి మెడలోని గొలుసునే. కాబట్టి మర లేని గూడు వున్న దీపపు నగ ఎంత అందంగా వున్నా కొనరాదని నిష్కర్షగా చెబుతున్నాము.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవలసి వుంది. "సాయంత్రానికి వాడిపోయే మల్లెదండను మీరు నగ కాదంటారా? ఒక్క రాత్రి వెలిగి ఆరిపోయే హారాన్ని ఎందుకు తక్కువ చేస్తారు?" అని యువకులు అడగవచ్చు. ప్రశ్న గట్టిదే. క్షణికమైన అందం కూడా అందమే. కాని వాడిన మల్లెపువ్వు పెరటి మట్టిలో కలిసిపోతుంది, బ్యాటరీ కలవదు. పువ్వుకు రేపు మరొక పువ్వు పూస్తుంది, మూతి అతికించేసిన ప్లాస్టిక్ హారానికి రేపన్నది లేదు. పువ్వులా బ్రతకదలచుకొన్న నగ పువ్వులా పోవడం కూడా నేర్చుకోవాలి. లేదా బ్యాటరీ మార్చి, తెగిన దారం మళ్ళీ కుట్టి, కూతురికి ఇచ్చేటట్లు వుండాలి. మన ముత్తవ్వలు కూలి డబ్బును వెండిగా మార్చి ఒంటిమీద దాచుకొన్నారు. ఆ మురుగులూ కడియాలూ కరిగించి ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో ప్రతి ఇంటికీ తెలుసు. నగ అంటే వారికి రేపటి భరోసా.

విమర్శతో ఊరుకోక, చేయగలవారికి ఒకటి రెండు సూచనలు. దీపానికి రెండు తీగలు కావాలి. మన రెండుపేటల హారానికి రెండు పేటలూ సిద్ధంగానే వున్నాయి. ఒక పేట లోపల ధనం, మరొక పేట లోపల ఋణం నడపవచ్చు. గొలుసు కొక్కేలు వదులైతే కరెంటు తెగుతుంది గనుక పూసల నడుమ కరెంటు దారం పోనివ్వడం మేలు. బ్యాటరీని పతకంలో కాక మెడ వెనుక ముడి దగ్గర పెడితే ముందు బరువుకు అది సరితూగుతుంది. పెద్ద బ్యాటరీ అవసరమైతే వడ్డాణం వుండనే వున్నది. మిణుగురు హారం నేర్పిన పాఠం ప్రకారం, అడుగుకు తగినట్టు మినుకుమనే హారం కూచిపూడి పాపకు ఎంత బాగుంటుందో ఊహించండి. మీట నొక్కితే ఆగకుండా మిటకరించేది ఆమె తాళానికి అడ్డు.

రామభజన రాత్రులలో మనవారు దీపం చుట్టూ తిరిగి ఆడతారు. ఆ దీపం ఎవరి మెడలోనూ లేదు, అందరి ముఖాల మీదా వున్నది. దీపపు నగ చేసేవారు ఆ వెలుగును ఒకసారి చూసి పని మొదలుపెడితే బాగుంటుంది. వచ్చే ఉగాది సభకు మన అమ్మాయిలలో ఒకరైనా తాను కుట్టిన హారం వేసుకొని వస్తే, దాని గుణదోషాలు రాయడానికి ఈ పుటలు సిద్ధంగా వుంటాయి. దారం ఎవరు నేశారో కూడా కనుక్కొని రావలసిందిగా మనవి.