కథల్లో మన జ్వరం

ఏజెన్సీ మీద వచ్చే కథల్లో ఆసుపత్రి సన్నివేశం చాలాసార్లు ఒకటే. జ్వరంతో వణికే మనిషిని డోలీలో మోసుకొస్తారు. పట్నం డాక్టరు నుదురు తాకి చూసి ఇంజెక్షన్ వేస్తాడు. తగ్గకపోతే తప్పు వడ్డె మీదికి పోతుంది, లేదా రోగి మీదికి. మాత్రలు మధ్యలో మానేశాడట.

ఎందుకు మానేశాడో రచయిత అడగడు. వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి కిట్ మీద వేస్తే 20 నిమిషాల్లో మలేరియా తెలుస్తుంది. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోమంటారు. ఒళ్లు చల్లబడేది మాత్రం మొదటి రెండు మూడు రోజుల్లోనే. మిగతా మాత్రలు కాలేయంలో దాగిన క్రిమి కోసం. ఈ సంగతి కోయలో చెప్పేవాళ్లు లేకపోతే జ్వరం తగ్గినవాడు పోడుకే పోతాడు. పట్నంలో యాంటీబయాటిక్ మధ్యలో ఆపేవాళ్లు తక్కువా? నేను చదివిన కథల్లో వాళ్లను అజ్ఞానులన్న రచయిత లేడు.

ఇంకొకటి, ఈ డాక్టర్లు ప్రశ్నలు వేయరు. జ్వరం రోజు విడిచి రోజు వస్తోందా, రాత్రుళ్లు చేను కాపలాకి మంచె మీద పడుకున్నావా అని అడిగితే రోగి నోరు విప్పాలి. అతని మాటను తెలుగులో చెప్పడానికి ఆశా కార్యకర్త కావాలి. ఆమె ఈ కథల్లో గుమ్మం దాటి లోపలికి రాదు.